మా ఈత హౌజు, అత్తమ్మ ఆకుపచ్చ జుట్టు

నీళ్లకు రంగూ రుచీ వాసనా ఉండవని నేను పుస్తకంలో చదువుకున్న రోజుల్లో, మా ఇంటి నీళ్లకు మాత్రం మూడూ ఉండేవి. అందులో రంగయితే ఎప్పటికప్పుడు మారేది. తాగే నీళ్ల సంగతి కాదు నేను చెప్పేది. అవి బావిలోంచి వచ్చి బిందెలో బుద్ధిగానే ఉండేవి. నేను చెప్పేది మా ఈత హౌజు నీళ్ల గురించి. మానుకోట దగ్గరి గూడూరు దాటి అడవి మొదలయ్యే దగ్గర మా ఊరు. సైకిల్ కొంటేనే ఊరంతా చూడటానికి వచ్చే ఆ కాలంలో, పెరట్లో ఈత కొట్టడానికి పెద్ద నీళ్లతొట్టి, అదే మా హౌజు, ఉన్న ఇల్లు మాదొక్కటే. ఈ మాట చెబితే ఇప్పుడు మా కాలనీలో ఆడవాళ్లు నన్ను పెద్ద దొరసాని కింద జమకట్టి కుర్చీ వేస్తారు. (వేయనీ, కూర్చుంటాను. మీకు మాత్రం నిజం చెబుతాను. మా బర్రె ఒకసారి ఆ నీళ్లలో మూతి పెట్టి, తలెత్తి మా బాపు వంక ఒక చూపు చూసి, తాగకుండా వెళ్లిపోయింది.)

ఆ హౌజు పుట్టడానికి కారణం అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం. ఉద్యమంలో ఎన్నో పెద్ద సంగతులు జరిగాయి, వాటిని రాయాల్సినవాళ్లు రాశారు. మా ఇంట్లో జరిగింది మాత్రం ఇది: హైదరాబాదులో చదువుతున్న మా చిన్నాయిన, అంటే మా బాపుకు అందరికంటే చిన్న తమ్ముడు, కాలేజీలు మూతపడేసరికి నినాదాలు ఇచ్చి ఇచ్చి పోయిన గొంతుతో, ఒక ఇనప్పెట్టెతో ఇంటికి దిగాడు. గొంతు తొందరగానే వచ్చింది, కాలేజీయే ఎంతకీ తెరవలేదు. పనీ పాటా లేని మనిషి ఇంట్లో ఉంటే ఏమవుతుందో మీకు తెలుసు కదా. హైదరాబాదులో ఎవరో స్నేహితుడి వెంట ఒక క్లబ్బుకు పోయినప్పుడు ఈత కొలను చూశాడట. ఇక పొద్దున లేస్తే అదే పాట. "నీళ్లు నీలంగ మెరుస్తయే వదినే, అడుగున గుండుసూది పడ్డా కనబడ్తది" అని మా అమ్మ వెంట పడి చెప్పేవాడు. "ఊరి నిండ బాయిలుండంగ గిదేం షోకురా?" అని బాపు మొదట కసురుకున్నాడు కానీ, తమ్ముణ్ణి కొడుకులా పెంచిన మనిషి, ఎక్కువ రోజులు కసరలేకపోయాడు. "ఏడాదంత సదువు పాయె. పిల్లగానికి ఏదో ఒకటి ఉండాలె గదా" అని ఒప్పుకున్నాడు. సిమెంటు దొరకడం గగనమైన రోజులు కాబట్టి డంగు సున్నంతో కట్టారు. ఆడవాళ్లు తిరిగే పెరడు కాబట్టి చుట్టూ ఎత్తయిన గోడ లేపారు. హౌజు పూర్తయ్యే సమయానికి కాలేజీ తెరిచారు, చిన్నాయిన ఇనప్పెట్టె పట్టుకుని వెళ్లిపోయాడు, హౌజు మా నెత్తిన మిగిలింది.

మా నెత్తిన అన్నాను కానీ, అది ఒకరికి మాత్రం ప్రాణమైపోయింది. ఆమె మా అత్తమ్మ, బాపుకు అక్క. చిన్నప్పుడు నడుముకు బెండ్లు కట్టుకుని మోటబావిలో మగపిల్లలతో సమానంగా దూకేదట. పెద్దమనిషి కాగానే బావి వైపు పోవద్దన్నారు. ఆ తర్వాత భూపాలపల్లి అవతల ఒక ఇంటికి కోడలిగా పంపారు. కాపురం నిలదొక్కుకోకముందే మామయ్య జ్వరంతో పోయాడు, అత్తమ్మ పుట్టింటికి వచ్చేసింది. అప్పటి నుంచి మా ఇంటి తాళంచెవులు, మజ్జిగ కవ్వం, మమ్మల్ని తిట్టే అధికారం అన్నీ ఆమెవే. నాకు ఊహ తెలిసేనాటికే ఆమె జుట్టు తెల్లబడింది. ఎంత జుట్టనుకున్నారు! ముడి విప్పితే నడుము దాటేది. మోకాళ్లు మాత్రం ఆమె మాట వినేవి కావు. అర్రలోంచి వంటింట్లోకి వచ్చేలోపల గోడ పట్టుకుని ఆగేది, ఎవరైనా చూస్తే గోడకు సున్నం రాలుతోందేమో చూస్తున్నట్టు నటించేది.

ఒక పొద్దున నేనొక్కదాన్నే హౌజులో ఉన్నాను. అత్తమ్మ వచ్చింది, అటూ ఇటూ చూసింది, చీర గోచీ పోసుకుంది, మెట్లు పట్టుకుని మెల్లగా దిగింది. "సప్పుడు జేయకు" అంది నాతో. మరుక్షణం వెల్లకిలా తేలింది! ఎప్పుడో బెండ్లు కట్టుకున్న నాటి ఈత ఎక్కడికీ పోలేదు. కళ్లు మూసుకుని, తెల్లటి జుట్టు చుట్టూ పరుచుకుని, అలాగే ఉండిపోయింది. చాలాసేపటికి కళ్లు తెరిచి, "నీళ్లల్ల నాకు మోకాళ్లు లెవ్వే బిడ్డా" అంది. అప్పుడామె ముఖం చూసి నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మాత్రం "ఏడుస్తె ఏడ్సినవ్ గని, మీ అమ్మకు జెప్పకు" అని మళ్లీ తేలింది. అమ్మకు ఆ మధ్యాహ్నమే తెలిసింది, బాపుకు ఆ సాయంత్రం. పొద్దున్నా పొద్దుగూకేముందూ అత్తమ్మ హౌజులో ఉంటుందనేది మా ఇంట్లో మాట్లాడుకోని ఏర్పాటైపోయింది.

ఇక నీళ్ల సంగతి. ఎండాకాలం వచ్చిందంటే మా బావి అడుగంటేది. ఉన్న కాసిని నీళ్లూ మిరపతోటకు పోగా, హౌజుకు మిగిలేవి ఆవిరైన మేరకు పోసే నాలుగు బిందెలే. కాబట్టి కొత్త నీళ్లు వానాకాలంలోనే. అప్పటిదాకా పాత నీళ్లనే శుద్ధి చేసుకోవాలి, దానికి మా ఇంట్లో ఎవరి వైద్యం వారిది. అమ్మ వేపమండలు, పసుపు. చిన్నాయిన సెలవులకు వచ్చినప్పుడల్లా బావుల్లో వేసే గులాబీరంగు మందు. (వేసినరోజు రోజాపూల నీళ్లలా ఉండేది, మూడోనాడు చాయ్ అయ్యేది.) అత్తమ్మకు రాగి మీద గురి. "రాగి చెంబుల నీళ్లు తాగితేనే గంత మంచిదైతే, రాగిల మునిగితే ఇంకెంత మంచిది?" అని తన పెళ్లినాటి రాగి బిందెలు రెండూ హౌజు అడుగున పెట్టించింది. ఇక బాపు మిరపతోట తెగుళ్లకు తెచ్చిన మైలుతుత్తం నుంచి గుప్పెడు తీసుకుని, ఎవరూ చూడకుండా హౌజులో చల్లేవాడు. అది చల్లితే పాకురు పట్టదు, ఆ మాట నిజమే. కానీ మైలుతుత్తం అంటే ఏమిటి? అది కూడా రాగే. అంటే మా ఇంటిల్లిపాదీ ఒకరికి తెలియకుండా ఒకరు ఆ నీళ్లలో రాగిని కలుపుతూనే వచ్చాం. ఈ సంగతి మా ఇంట్లో తెలిసి ఉండాల్సిన మనిషి ఒకతె ఉంది. హనుమకొండలో హాస్టల్లో ఉండి డిగ్రీలో కెమిస్ట్రీ చదువుతున్న ఆ మనిషిని చిన్నాయిన "సైంటిస్టు" అని పిలిచేవాడు. ఆ మనిషిని నేనే.

నా డిగ్రీ రెండో ఏడాది సెలవుల్లో ముసలం పుట్టింది. అమ్మ చెల్లెలి పిల్లలు వచ్చి హౌజులో పడి ఈదారు. ఈదిన వాళ్లకు ఈదినట్టే కళ్లకలక వచ్చి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. గూడూరు దవాఖానకు ఎడ్లబండి కట్టాల్సి వచ్చింది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని బాపు కంచంలో చెయ్యి పెట్టకుండానే చెప్పేశాడు.

"ఇగ సాలు. గిది హౌజు గాదు, రోగాల పుట్ట. మొరం కొట్టిపిచ్చి పూడిపిస్త. పైన మిరపకాయలు ఎండబోసెటందుకు కల్లం జేస్త."

అత్తమ్మ పప్పు వడ్డిస్తోంది. గరిటె ఆగింది. మా ఇంట్లో అందరినీ అన్ని మాటలనే మనిషి, తనకు కావాల్సినదాని గురించి మాత్రం జీవితంలో ఒక్క మాట అనలేదు. "అట్లనే జెయ్ తమ్మీ" అంది. గరిటె గిన్నెలో పెట్టి, గోడ పట్టుకుని లోపలికి వెళ్లింది. నాకు ఒళ్లు మండిపోయింది. బాపు మీదా, అడగని అత్తమ్మ మీదా, ఏడుస్తూ దద్దుర్లు గోక్కుంటున్న ఆ పిల్లల మీదా కూడా.

"నేను నీళ్లు బాగుజేస్త బాపూ. క్లోరిన్ ఏస్త" అన్నాను.

"ఏందది?"

"బ్లీచింగ్ పౌడర్. మా హాస్టల్ ట్యాంకుల ఏస్తరు."

"మరి మీ హాస్టల్ నీళ్లు ఎట్లుంటయ్?"

"దవాఖాన వాసనొస్తయ్. గని ఒక్కరికి గూడ కండ్లు కలువలే."

బాపు నా వంక చూశాడు. కూతురు పట్నంలో చదువుతోందన్న గర్వం, ఆ చదువు మీద కించిత్తు కూడా నమ్మకం లేకపోవడం, రెండూ ఉన్నాయి ఆ చూపులో. చివరికి ఒక ఒప్పందం చేశాడు. చిన్నాయినకు జనగామ నుంచి ఒక సంబంధం వచ్చింది, ఆ వారాంతంలో వాళ్లు మా ఇల్లు చూడటానికి వస్తున్నారు. వాళ్లొచ్చే నాటికి నీళ్లు తేటపడి, ఇంట్లో ఎవరికీ ఏ తేడా రాకుండా ఉంటే హౌజు ఉంటుంది. లేదంటే వాళ్లు గడప దాటిన వెంటనే మొరం పడుతుంది. "పాతయన్ని బంద్. నీ మందు ఒక్కటే ఎయ్యి. గని నీళ్లు మాత్రం పారబొయ్యద్దు, తోటకే సాల్తలెవ్వు" అన్నాడు. అంతటితో ఆగలేదు, మర్నాడే ట్రాక్టరుతో మొరం మట్టి తెప్పించి హౌజు పక్కనే ఎర్రగా కుప్ప పోయించాడు. నా చదువు మీద ఆయనకున్న నమ్మకం ఆ కుప్పంత ఎత్తున కనబడింది.

నేనూ, సంబంధం పని మీద ఇంటికొచ్చిన చిన్నాయినా ఆయన మోటార్‌సైకిల్ మీద మానుకోట పోయాం. బ్లీచింగ్ పౌడర్ సంచిని వెనక కూర్చున్న నా ఒళ్లో పెట్టారు. దారి పొడుగునా నేను తుమ్ముతూనే ఉన్నాను, తుమ్మినప్పుడల్లా బండి పక్కకు వాలేది. "సైంటిస్టూ, జర మెల్లగ తుమ్ము, నాకింక పెండ్లి గాలె" అని చిన్నాయిన గోల. ఇంటికొచ్చి బకెట్లో పొడి కలిపాను, సున్నం అడుక్కు దిగేదాకా ఆగి, పైన తేటను హౌజు చుట్టూ తిరుగుతూ పోశాను. పోస్తున్నంతసేపూ ఇంటిల్లిపాదికీ పాఠం చెప్పాను. ఎంత పోయాలో లెక్క కూడా కట్టాను, నన్ను తక్కువ చేయకండి. ఆ నీళ్లలో అప్పటికే ఏమేం ఉన్నాయన్నది మాత్రం నా లెక్కలోకి రాలేదు. అత్తమ్మ మెట్ల మీద కూర్చుని పాఠమంతా విని, "గిదంత నాకెందుకే, తేట అయితదా కాదా గది జెప్పు" అంది. అయితదన్నాను.

మొదటిరోజు నీళ్లు బూడిదరంగులోకి తిరిగాయి. పాకురంతా చచ్చి పైకి తేలింది. అమ్మ జల్లెడతో, చిన్నాయిన పాత ధోవతితో, నేను చేతికి దొరికిన చాటతో దేవాం. బాపు వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని, పేపరు పక్కనుంచి మొరం కుప్ప వంక చూస్తూ కూర్చున్నాడు. ఆ మర్నాడు పొద్దున పెరట్లోంచి అత్తమ్మ కేక. పాము కనబడిందనుకుని అందరం కర్రలతో పరుగెత్తాం. పాము కాదు, అడుగు! హౌజు అడుగు కనబడుతోంది. డంగు సున్నం మీద తాపీ గీతలు కనబడుతున్నాయి, రాగి బిందెలు కనబడుతున్నాయి, కిందటేడు చిన్నాయిన పోగొట్టాడని ఇంట్లో పెద్ద రభస జరిగిన బాపు కళ్లజోడు కూడా కనబడుతోంది. చిన్నాయిన దూకి దాన్ని తీసి, తుడిచి, రెండు చేతులా బాపుకు అందించాడు. బాపు పెట్టుకుని, అదే కళ్లజోడుతో నీళ్లను చాలాసేపు చూశాడు. "బిడ్డా, శెబాష్" అన్నాడు. నా జన్మ ధన్యమైంది.

ఆ రెండు మూడు రోజులూ మా ఇంట్లో పండగే. బాపు పొద్దున పూట దిగి మీసాల దాకా మునిగేవాడు. ఆయనవి పెద్ద మీసాలు, తలకంటే ముందు అవే తెల్లబడ్డాయి. చిన్నాయిన పెళ్లికొడుకు హోదాకని కొన్న ముదురు ఎరుపు నిక్కరు ఒక్క ఈతకు వెలిసిపోయింది. అత్తమ్మయితే నీళ్లలోనే కాపురం పెట్టింది. జుట్టంతా విప్పి నీళ్ల మీద పరిచి, "వాసన మస్తుగొడ్తుంది గని, నీళ్లు మాత్రం ఏమున్నయే!" అని మురిసిపోయింది. ఆరేసిన బాపు పంచెలు ఒక రకమైన లేత రంగులోకి తిరుగుతున్నాయని అమ్మ అంది. నీలిమందు ఎక్కువైందేమో అన్నాను నేను. ఆ అన్నది సైంటిస్టు.

జనగామ వాళ్లు రేపు వస్తారనగా సాయంత్రం, అత్తమ్మ పెరట్లో ఎండకు జుట్టు ఆరబెట్టుకుంటోంది. అమ్మ దువ్వెన పట్టుకుని వెనక కూర్చుంది. కూర్చున్నదల్లా లేచి నిలబడింది.

"వదినే, తలకేమన్న పెట్టినవా?"

"ఏం బెడ్త? నూనె గూడ పెట్టలే."

"మరి ఎంటికెలు... ఆకుపచ్చగున్నయేందే!"

పరుగెత్తి చూశాను. ఎండలో అనుమానం లేదు. వరి నారుమడి రంగు. పైన లేతగా, కొసలకు పోయేకొద్దీ ముదురుగా. అత్తమ్మ జుట్టు ముందుకు తెచ్చుకుని చూసుకుంది. ఏడుస్తుందనుకున్నాను. తిప్పి తిప్పి చూసి, "మంచిగనే ఉంది గదనే" అంది. అంతలో ఇంట్లోంచి బాపు కేక. గడ్డం చేసుకుందామని అద్దం ముందు కూర్చున్నాడు. మీసాల సంగతి చెప్పనక్కర్లేదు కదా.

"రేపు జనగామోళ్లు నా మొకం సూస్తరా, నా మీసాలు సూస్తరా?" అని బాపు ఇల్లంతా తిరిగాడు. "గిదేనా నీ సదువు? అయిపాయె. వాళ్లు అటు పోవుడు, మొరం ఇటు పడుడు. ఇగ ఎవ్వలు జెప్పినా వినేది లేదు!"

ఆ తిట్ల మధ్యలో నిలబడి ఉన్నప్పుడు నా బుర్ర తెరుచుకుంది. పరీక్షల్లో ఎప్పుడూ అంత సమయానికి తెరుచుకోలేదు. రాగి! బిందెలు రాగి, మైలుతుత్తం రాగి. నేను పోసిన క్లోరిన్ ఆ రాగిని పట్టుకుని తెచ్చి తెల్ల వెంట్రుకలకు అతికించింది. రాగి చెంబుకు చిలుము పడితే మనం ఏం చేస్తాం? చింతపండు పెట్టి తోముతాం. సంగతి చెబితే బాపు నమ్మలేదు. కానీ వేరే దారీ లేదు. మర్నాడు పొద్దున్నే అరుగు మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. అమ్మ చింతపండు గుజ్జు, ఉప్పు తీసుకుని, పెళ్లయినప్పటి నుంచి దాచుకున్న కోపమంతా చేతిలోకి తెచ్చుకుని ఆ మీసాలు తోమింది. రంగు వదిలింది! పూర్తిగా కాదు, కొసల్లో కాస్త మిగిలింది. అత్తమ్మ వంతు కోసం నేను ఇంకో గిన్నెలో చింతపండు నానేశాను. అది నానకముందే వాకిట్లో జీపు ఆగింది. జనగామ వాళ్లు చెప్పిన వేళకంటే చాలా ముందే వచ్చేశారు.

బాపు గాభరాగా లేచాడు. పంచె సర్దుకుంటూ, అత్తమ్మ వైపు చూడకుండా, "అక్కా, వాళ్లు పోయెదాక నువ్వు జర లోపలి అర్రల ఉండు" అన్నాడు. అత్తమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. "ఉంట తియ్" అంది. శుభకార్యాలప్పుడు లోపల ఉండటం ఆమెకు కొత్త కాదు. ఇదివరకు ఎవరూ నోటితో చెప్పాల్సిన అవసరం రాలేదు, తనే వెళ్లిపోయేది. ఈసారి చెప్పించుకుని వెళ్లింది. దానికి కారణం నేను, నా బ్లీచింగ్ పౌడర్. వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇస్తున్నానే కానీ నా కళ్లలోనూ నీళ్లే.

వచ్చినవాళ్లలో పిల్ల తండ్రి, ఇద్దరు పెద్దమనుషులు, పిల్ల నాయనమ్మ ఉన్నారు. ఆ నాయనమ్మను మేం తర్వాత జీవితాంతం జనగామవ్వ అనే పిలిచాం. బక్కపలచటి మనిషి, చేతికర్ర, కుర్చీలోంచి లేవాలంటే అయిదారు దేవుళ్లను తలుచుకునేది. ఇల్లు చూపించారు, కొట్టం చూపించారు, తోట చూపించారు. అన్నీ చూశాక ఆమె కర్ర నేలకు ఆనించి అడిగింది:

"ఇల్లు సూసినం. ఇంటి పెద్దామె ఏది? మీ అక్క ఉన్నది, ఇల్లంత ఆమె మీదనే నడుస్తదని ఇన్నం. ఆమెను సూడంది పిల్లనెట్ల ఇస్తం?"

"ఆమెకు జర పాణం బాగలేదు" అన్నాడు బాపు, మీసాల మీద చెయ్యి పెట్టుకునే.

"పాణం బాగలేకుంటె నేనే పోయి సూస్త" అని లేచి నా భుజం పట్టుకుంది. "నడువు బిడ్డా."

బాపు నా వంక చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. కానీ పెద్దామె చెయ్యి నా భుజం మీద ఉంది, నేనేం చేయను? లోపలి అర్రకు తీసుకెళ్లాను. అర్ర ఖాళీ. పెరటి తలుపు తీసి ఉంది. అత్తమ్మ హౌజు మెట్ల మీద కూర్చుని, పాదాలు నీళ్లలో పెట్టి, నీళ్లనే చూస్తోంది. పక్కన ఎర్రటి మొరం కుప్ప. కొంగు జారిపోయి జుట్టంతా ఎండలో ఆకుపచ్చగా మెరుస్తోంది. రేపటి నుంచి ఉండదు కదా, చివరిసారి కాళ్లయినా పెడదామని వచ్చిందని నాకు అర్థమైంది.

జనగామవ్వ ఆగి చూసింది. కొంచెం దగ్గరికి పోయి మళ్లీ చూసింది.

"చెల్లే, గా ఎంటికెలకు ఏమైందే?"

అత్తమ్మ ఉలిక్కిపడి కొంగు అందుకోబోయి, ఎందుకో వదిలేసింది. "దాచేదేముంది అక్కా. పొద్దుమాపు గిండ్ల ఈత గొట్టిన. మోకాళ్ల నొప్పులు పోయినయ్, ఎంటికెలు గిట్లయినయ్."

"మోకాళ్ల నొప్పులు పోయినయా?"

"బయటికొస్తె మళ్ల ఉంటయ్. నీళ్లల్ల ఉన్నంతసేపు మాత్రం నాకు మోకాళ్లే లెవ్వు."

జనగామవ్వ నీళ్ల వంక చూసింది, అత్తమ్మ జుట్టు వంక చూసింది, తన మోకాళ్ల వంక చూసుకుంది. పిల్లనివ్వాలా వద్దా అని కూడా ఆమె అంత లోతుగా ఆలోచించి ఉండదు. తర్వాత కర్ర నాకిచ్చి అంది: "ఈ వయసుల ఎంటికెలు ఎవలు సూస్తరే! బిడ్డా, మీ అత్తమ్మ పాత చీర ఒకటి తే."

నేను పరుగెత్తాను. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెట్లు దిగారు. అత్తమ్మ ఆమె వీపు కింద చెయ్యి పెట్టి, "ఒళ్లు ఇడిసిపెట్టక్కా, నేనున్న, మునుగవ్" అంటూ తేల్చింది. జనగామవ్వ ముందు "అవ్వో, అవ్వో" అని అరిచింది. తర్వాత అరవడం మానేసింది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది, చిన్నపిల్లలా, ఆపకుండా.

ఆ నవ్వు విని మగవాళ్లంతా పెరట్లోకి వచ్చారు. పిల్ల తండ్రి "అవ్వా!" అని అక్కడే నిలబడిపోయాడు. బాపు చెయ్యి మీసాల మీద నుంచి జారిపోయింది, కొసలు బయటపడ్డాయి. జనగామవ్వ నీళ్లలోంచి తల మాత్రం తిప్పి బాపుని చూసి, "ఓ, నువ్వు గూడ గొడ్తవా ఈత! మంచిది" అంది. ఆమె కళ్లు పక్కనున్న కుప్ప మీద పడ్డాయి. "మొరం దేనికి పోసుకున్నరు?"

చిన్నాయిన నా వంక, నేను అమ్మ వంక, అమ్మ బాపు వంక. బాపు అత్తమ్మ వంక చూశాడు. అత్తమ్మ ఎప్పటిలాగే ఏమీ అడగలేదు. ఆకుపచ్చ జుట్టుతో, వియ్యపురాలి వీపు కింద చెయ్యి పెట్టి, తమ్ముణ్ణి చూస్తూ నిలబడింది, అంతే.

"బాట ఏద్దామని" అన్నాడు బాపు. "ఇంట్ల నుంచి హౌజు కాడికి. మా అక్క జారిపడకుంట."

నేను ఆ రోజు బాపును ప్రేమించినంతగా ఇంకెన్నడూ ప్రేమించలేదు.

సంబంధం ఖాయమైంది. "పిల్లనిస్తం గని, ఎండకాలం నేను గిక్కడ్నే ఉంట" అన్నది జనగామవ్వ పెట్టిన ఒకే ఒక్క షరతు. మొరం బాట ఆ వారంలోనే పడింది. వానలు రాగానే పాత నీళ్లన్నీ తోడించి, బిందెలు బయటికి తీయించి, మైలుతుత్తం మిరపతోట దాటి రావద్దని బాపు దగ్గర ఒట్టు వేయించుకున్నాను. అప్పటి నుంచి మా హౌజులో క్లోరిన్ ఒక్కటే, అదీ లెక్క ప్రకారం. అత్తమ్మ తలకు చింతపండు పట్టించాను. జుట్టంతా తోమనిచ్చింది కానీ, చెవి పక్క ఒక పాయ మాత్రం వేలికి చుట్టుకుని వదల్లేదు. "గిదొక్కటి ఉండనీ" అంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. జుట్టు పెరిగేకొద్దీ ఆ పచ్చదనం కిందికి దిగుతూ దిగుతూ, కొన్నేళ్లకు కొసల్లో చిన్న కుచ్చుగా మిగిలింది. జనగామవ్వకు మాత్రం కడదాకా ఒక్క వెంట్రుకా పచ్చబడలేదు. "నాకెందుకు అయితలెవ్వే? నాకు మంచిమందు ఏస్తలేవా?" అని ప్రతి ఎండాకాలం నాతో జగడమే. తప్పు మందు కలిస్తేనే అలా అవుతుందని ఎంత చెప్పినా నమ్మేది కాదు.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. నేను ఎన్నో ఏళ్లు పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరయి, హనుమకొండలో ఉంటున్నాను. నా జుట్టూ తెల్లబడింది, నా మోకాళ్లూ నా మాట వినడం మానేశాయి, పొద్దున పూట మా కాలనీ కొలనులో నేనూ వెల్లకిలా తేలుతున్నాను. నీళ్లు చూసుకునే ఆయనకు నేనంటే హడల్. రాగి కలిసిన మందేదీ వాడొద్దని, క్లోరిన్ ఇంతే వేయాలని రోజూ వెంటపడి చెబుతాను. పాపం చెప్పినట్టే చేస్తాడు. ఇంటికొచ్చి బాల్కనీలో జుట్టు ఆరబెట్టుకుంటూ, అద్దం తెచ్చుకుని, చెవి పక్కన పాయ పాయా విడదీసి ఎండకు పట్టి చూసుకుంటాను. ఎంత వెతికినా తెలుపే. శుభ్రమైన, లెక్క తప్పని తెలుపు. "ఎందుకే సైంటిస్టూ, గంత మంచిగ నేర్చుకున్నవ్?" అని అద్దంలో ముసలామెను అడుగుతాను. ఆమె నవ్వుతుంది, నాకూ నవ్వొస్తుంది, మర్నాడు మళ్లీ వెతుక్కుంటాను.